సముద్రం మీద దీపాల లెక్క

చీకటి పడ్డాక విశాఖ బీచి రోడ్డు గోడ మీద కూర్చుంటే దూరంగా సముద్రంలో దీపాల వరస కనిపిస్తుంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అవతల ఏదో దీవి ఉందనుకుంటారు. అవి రేవులో చోటు కోసం లంగరు వేసుకుని కాచుకున్న ఓడలు. వంద మీటర్లు, ఆ పైన పొడవున్న ఓడ లంగరు మీదుంటే డెక్కు దీపాలు కూడా వెలిగించి ఉంచాలన్నది అంతర్జాతీయ నియమం. ఆ దీపాలకు ఒడ్డు నుంచి కరెంటు తీగ లేదు. ఓడ అడుగున జనరేటరు రాత్రింబవళ్ళు తిరుగుతుంటేనే దీపం వెలుగుతుంది, వంటగది నడుస్తుంది, పంపులు ఆడతాయి. బొగ్గు మోసే మామూలు ఓడ ఇలా ఒకచోట నిలబడే రోజుకు రెండు మూడు టన్నుల నూనె తాగుతుంది.

మా చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నదే ఇప్పటి కార్బన్ డయాక్సైడ్. ఓడలు కాల్చే నల్లటి చిక్కని నూనెలో నూటికి 85 పాళ్ళు కార్బనే. కాలేటప్పుడు 12 గ్రాముల కార్బన్ గాలిలోంచి 32 గ్రాముల ఆక్సిజన్ కలుపుకుని 44 గ్రాములవుతుంది. అందుకే టన్ను నూనె పోసిన ఓడ పొగగొట్టంలోంచి 3.1 టన్నుల వాయువు బయటికొస్తుంది. ఆ లెక్కన అయిదు రోజులు కాచుకున్న ఒక్క ఓడ ముప్ఫై నలభై టన్నుల వాయువు వదిలాకే రేవులోకి అడుగుపెడుతుంది.

ఇక ప్రయాణం సంగతి. విశాఖ ఉక్కుకు కావలసిన కోకింగ్ బొగ్గు చాలాకాలంగా ఆస్ట్రేలియా నుంచి వస్తోంది. 75 వేల టన్నుల బొగ్గు ఎత్తుకున్న ఓడ ఇరవై రోజులు, రోజుకు 25 టన్నుల నూనె కాల్చుకుంటూ వచ్చిందనుకుందాం. మొత్తం 500 టన్నుల నూనె, 1,550 టన్నుల పైచిలుకు వాయువు. పెద్ద అంకెలాగే ఉంటుంది గానీ, టన్ను బొగ్గుకు పంచితే వచ్చేది ఇరవై కిలోలు. అదే టన్ను బొగ్గు కాలినప్పుడు వెలువడేది రెండున్నర టన్నులకు పైనే. సరుకు మోయడంలో ఓడంత పొదుపైన బండి మరొకటి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్రపంచంలోని ఓడలన్నీ కలిపి 2018లో వదిలింది మాత్రం 105 కోట్ల టన్నులు దాటింది. మనుషుల పనుల వల్ల ఏటా వెలువడేదాంట్లో అది దాదాపు మూడు శాతం.

ఆ మూడు శాతం ఎవరి ఖాతాలోది? 1997లో క్యోటో ఒప్పందం రాసుకున్నప్పుడు అంతర్జాతీయ ఓడల పొగను ఏ దేశం కోటాలోనూ వేయకుండా, లండన్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్రయాన సంస్థకు వదిలేశారు. విదేశాలకు పోయే ఓడలకు అమ్మిన నూనెను దేశాలు తమ నివేదికల్లో ఒక మూల విడిగా రాస్తాయి, మొత్తంలో కలపవు. సింగపూర్‌నే చూడండి. 2023లో అక్కడ ఓడలకు అమ్మిన నూనె 5.18 కోట్ల టన్నులు. అది కాలితే 16 కోట్ల టన్నుల వాయువు. ఆ దేశం ఏటా తనదిగా చూపించుకునేది ఆరు కోట్ల టన్నుల లోపే. మన చేపలరేవు నుంచి వేటకెళ్ళే మరబోటు తాగే డీజిల్ మాత్రం భారతదేశం ఖాతాలో పడుతుంది. ఆ బోటు దాటుకుంటూ పోయే విదేశీ ఓడ పొగ పడదు. నాకిది సబబుగా తోచదు. లండన్ సంస్థ 2023లో, 2050కి అటూఇటూగా ఈ పొగను నికరంగా సున్నాకు తేవాలని తీర్మానించింది. పొగకు వెల కట్టే నియమావళిని ఖాయం చేసే పని 2025 అక్టోబరులో ఏడాది వాయిదా పడింది.

రేవులో కట్టిన ఓడకు ఒడ్డు నుంచే కరెంటు ఇవ్వొచ్చు కదా అంటారు. ఇవ్వొచ్చు. ఓడ జనరేటరు ఒక యూనిట్ కరెంటుకు 650 నుంచి 700 గ్రాముల వాయువు వదులుతుంది. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు పడేది సగటున సుమారు 700 గ్రాములు. అంటే బెర్తు దగ్గర ఆగిన పొగ పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం చిమ్నీలోంచి లేస్తుంది. రేవు పక్క ఇళ్ళ మీద మసి తగ్గుతుంది, అది చిన్న మేలేమీ కాదు. వాతావరణానికి కూడా మేలు జరగాలంటే ఆ తీగలోకి ఎండ కరెంటో గాలి కరెంటో రావాలి.

అన్నిటికన్నా చవకైన దారి వేగంలో ఉంది. నీటిని చీల్చుకుపోయే ఓడకు కావలసిన శక్తి, వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. పది శాతం నెమ్మదిస్తే ఇంజిన్ మీది భారం 27 శాతం తగ్గుతుంది. ప్రయాణం కాస్త సాగినా మొత్తం నూనెలో దాదాపు 19 శాతం మిగులుతుంది. ఇరవై రోజుల్లో పరుగెత్తుకొచ్చి నాలుగు రోజులు లంగరు మీద నిలబడే బదులు, అదే ఓడ ఇరవై నాలుగు రోజులు నింపాదిగా వస్తే కాగితం లెక్కన 150 టన్నుల నూనె మిగులుతుంది. గాలీ అలలూ అందులో కొంత తినేసినా మిగిలేది తక్కువేమీ కాదు. కొత్త ఇంజినూ కొత్త ఇంధనమూ దీనికి అక్కర్లేదు.

మరి కెప్టెన్ ఎందుకు పరుగెత్తుతాడు? చాలా రేవుల్లో ముందొచ్చిన ఓడకే ముందు వంతు. వచ్చి, సిద్ధంగా ఉన్నానని నోటీసు ఇచ్చిన తర్వాతే ఆలస్యం పరిహారం లెక్క మొదలవుతుంది. రేషను షాపు తెరవకముందే వరసలో సంచి పెట్టి వచ్చినట్టు, ఓడను తెచ్చి వరసలో పెడతారు. 2007 జూన్‌లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ రేవు ముందు యాభైకి పైగా ఓడలు ఇలాగే కాచుకున్నాయి. తుఫాను వచ్చింది. పాషా బల్కర్ అనే ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కొన్నేళ్ళకు ఆ రేవువాళ్ళు పద్ధతి మార్చారు. ఓడ నడిసముద్రంలో ఉండగానే ఏ వేళకు రావాలో చెబుతారు. ముందే వచ్చినంత మాత్రాన వంతు ముందుకు జరగదు.

విశాఖలోనూ 2020 అక్టోబరులో వాయుగుండం వేళ, లంగరు మీదున్న బంగ్లాదేశ్ ఓడ ఒకటి తెన్నేటి పార్కు రాళ్ళ దగ్గరకు కొట్టుకొచ్చింది. నెలల తరబడి జనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. అదీ అంతకుముందు రోజు వరకు బీచి రోడ్డు నుంచి కనిపించే దీపాల వరసలో ఒకటి.