లంకెబిందెలు - లోహశోధక యంత్రము

భూమిలో పాతిపెట్టిన ధనముపై ఆశ తెలుగునాట చాల పాతది. లంకెబిందెల కథ వినని పల్లె ఉండదు. వెనుకటి కాలమున తమలపాకునకు కాటుక పూసి, అంజనము వేసి, నిధి ఎక్కడ ఉన్నదో చూతుమనెడివారు. నేడు అదే ఆశతో కొందరు మెటల్ డిటెక్టరు, అనగా లోహశోధక యంత్రము, ధర ఎంత అని విచారించుచున్నారు. హైదరాబాదునకు పడమట ఉన్న చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో చేనుగట్ల వెంట దీనిని త్రిప్పవలెనని ముచ్చటపడువాడు ఏ యంత్రము కొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము సగము భౌతికశాస్త్రములోను, సగము ఆ ఊరి నేలలోను ఉన్నది.

ఒక రాగి గొట్టమును నిలువుగా పట్టుకొని, అందులో బలమైన అయస్కాంతపు బిళ్లను జారవిడిచినచో అది తాపీగా దిగును. రాగిని అయస్కాంతము ఆకర్షింపదు గదా, మరి ఏది దానిని ఆపుచున్నది? కదలుచున్న అయస్కాంతము వలన గొట్టపు గోడలో విద్యుత్ప్రవాహములు సుడులవలె పుట్టును. అవి తమ స్వంత అయస్కాంత క్షేత్రమును కల్పించి, వచ్చు మార్పును ఎదిరించును. లోహశోధకము చేయు పనియంతయు ఇదే. కర్ర చివరనున్న పళ్లెములో తీగచుట్టలు ఉండును. ఒక చుట్టలో ప్రవాహము సెకనుకు వేలసార్లు దిక్కు మార్చుకొనుచుండును. ఆ క్షేత్రము నేలలోనికి పోయి, అక్కడ నాణెమున్నచో దానిలో సుడి ప్రవాహములను లేపును. నాణెము నుండి తిరిగివచ్చు బలహీన క్షేత్రమును రెండవ చుట్ట గ్రహించి చెవిలో కూత వినిపించును.

ఈ పద్ధతిని మొదట మనిషి ప్రాణము నిలుపుటకు వాడజూచిరి. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు తుపాకి దెబ్బ తినగా, టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన పరికరముతో శరీరములోని గుండును వెదకెను. ప్రయత్నము ఫలింపలేదు. రోగి పడుకొన్న పరుపులోని ఉక్కు స్ప్రింగులు యంత్రమును తికమకపెట్టెను. పైగా గుండు ఉన్నదని వైద్యులు నమ్మిన ప్రక్కనే వెదకనిచ్చిరి. అది ఉన్నది రెండవ ప్రక్కను. యంత్రము సరియైనదే అయినను, చుట్టుప్రక్కల నున్నదేమో తెలియనిచో దాని మాట పనికిరాదని ఆనాడే తేలినది.

కొనువారు మొదట అడుగునది, ఎంత లోతు వరకు చూపును అని. తీగచుట్ట నుండి దూరము పెరిగినకొలది క్షేత్రము దూరఘనమునకు విలోమముగా తగ్గును. నాణెము నుండి తిరిగివచ్చునదియు అట్లే తగ్గును. రెండును కలిసి, దూరము రెట్టింపైనచో సంకేతము 64వ వంతునకు పడిపోవును. కనుకనే ధర రెండింతలు పెట్టినంత మాత్రమున లోతు రెండింతలు కాదు. సాధారణ యంత్రమునకు ఒక నాణెము జానెడు లోతున తగిలినచో అది మంచి యంత్రమే. బిందె వంటి పెద్ద వస్తువు ఒక గజము వరకు పలుకవచ్చును. తీగచుట్ట పెద్దదైనచో పెద్ద వస్తువు మరికొంత లోతున దొరకును గాని, చిన్న నాణెము తప్పిపోవును.

ఇక నేల సంగతి. మొయినాబాదు వైపు ఎక్కువగా గ్రానైటు రాయి, దాని నుండి వచ్చిన ఎర్రని చల్క నేల. చేవెళ్ల దాటి పడమటికి పోయినకొలది దక్కను లావా రాయి, దాని నుండి పుట్టిన నల్లరేగడి కనబడును. వికారాబాదు వద్ద అనంతగిరి కొండలపై ఎర్రని జేగురురాయి ఉన్నది. లావా రాతిలో మాగ్నటైటు అను ఇనుప ఖనిజపు రేణువులు ఉండును. ఎర్రమట్టిలో దాని జాతిదే మరియొక ఖనిజము ఉండవచ్చును. ఇట్టి నేలపై పళ్లెము త్రిప్పినచో నాణెము లేకున్నను యంత్రము కూయును, లేదా నాణెపు సన్నని కూత నేల రొదలో మునిగిపోవును. విదేశపు ప్రకటనలోని లోతు అంకె ఇక్కడ నిలువకపోవుటకు కారణమిది.

అందుచేత ఈ ప్రాంతమునకు యంత్రము కొనువారు ముందు చూడవలసినది నేల సంకేతమును రద్దుచేయు ఏర్పాటు. అది ఒకేచోట బిగించబడినదిగా కాక, చేతితో సరిచేయుటకు వీలైనదిగా ఉండవలెను. ఒకే పౌనఃపున్యముతో పనిచేయు చవుక యంత్రముల కంటె, అనేక పౌనఃపున్యములను ఒక్కసారిగా పంపునవి ఇట్టి నేలపై మేలు. ఇంకొక జాతి యంత్రములు క్షేత్రమును విడతలు విడతలుగా పంపి, ఆపినప్పుడు మిగులు సంకేతమును వినును. ఇవి ఖనిజపు నేలను బాగుగా తట్టుకొనును. కాని ఇనుప మేకునకును వెండి నాణెమునకును భేదము చెప్పుటలో వెనుకబడును. అసలు నేల ఎట్టిదో తెలిసికొనుటకు రూపాయి ఖర్చు లేని ఉపాయము కలదు. ఎండిన మట్టిని కాగితముపై పోసి, కాగితము చుట్టిన అయస్కాంతముతో దువ్విన నల్లని రేణువులు అంటుకొనును. రెండు ఊళ్ల మట్టిని ఈ విధముగా పోల్చుట పాఠశాలలో అరగంట పని.

"ఇది బంగారమును మాత్రమే చూపును" అను మాటను నమ్మరాదు. యంత్రము లోహమును గుర్తుపట్టదు. తిరిగివచ్చు సంకేతము ఎంత ఆలస్యముగా, ఎంత బలముగా వచ్చెనో మాత్రమే కొలుచును. ఇనుము చాలవరకు వేరుగా తెలియును. కాని సన్నని బంగారపుటుంగరము, సిగరెట్టు పెట్టెలోని అల్యూమినియము రేకు ఒకే విధముగా పలుకవచ్చును. రేకులను వినకుండ చేసినవాడు ఉంగరమును కూడ వినకుండ చేసికొనును. మేకులు, రేకులు నిండిన పాత ఇంటి స్థలములో చిన్న పళ్లెము వాడుట మంచిది.

వందల గజముల దూరము నుండియే బంగారమును చూపునని రెండు లోహపు కడ్డీల పరికరములు అమ్మువారు కలరు. ఇవి క్రొత్త అంజనములు. ఇట్టి పరికరమును బాంబులు పట్టునదని ఇరాకునకు అమ్మిన జేమ్స్ మెకార్మిక్ అను బ్రిటిషు వ్యాపారికి 2013లో పదేండ్ల శిక్ష పడెను. దానిలో పనిచేయు భాగమే లేదు. దానిని నమ్మి తనిఖీకేంద్రములలో నిలిచిన మనుష్యులు మాత్రము నిజమైనవారు.

దొరికిన వస్తువు ఎవరిదను ప్రశ్న మిగిలియున్నది. 2009లో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైరులో ఒక అభిరుచిగలవాడు పొలములో బంగారపు రాశిని కనుగొనగా, దానికి కట్టిన 32 లక్షల 85 వేల పౌండ్లను అతడును భూస్వామియును పంచుకొనిరి. అది ఆ దేశపు చట్టము. ఇక్కడ హైదరాబాదు సంస్థానమున 1322వ ఫసలీలో, అనగా 1912-13 ప్రాంతమున, నిధుల చట్టము చేసిరి. దొరికిన నిధిని దాచుకొనుట నేరము. 1958 నాటి చట్టము ప్రకారము రక్షిత ప్రదేశములను అనుమతి లేక త్రవ్వరాదు. 1972 నాటి చట్టము నూరేండ్లు దాటిన పురావస్తువులను లైసెన్సు లేక అమ్ముటను నిషేధించినది. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేయుచుండగా యంత్రమునకు ఒక లోహపు బిందె తగిలెను. అందులో 200 గ్రాములకు లోపు బంగారపు నగలు, 1.5 కిలోలకు పైగా వెండి ఉండెను. అధికారులు స్వాధీనము చేసికొనిరి. కాబట్టి యంత్రము కొన్నవాడు తన చేనిలో పోయిన ఉంగరమును, దున్నునప్పుడు విరిగిన నాగటి కర్రును వెదకికొనవచ్చును. పాడుపడిన గుడులు, కోట గోడలు, గుట్టల మీది రాతి సమాధులు అతని సరదాకు చోటు కావు. నాణెము ఏ పొరలో, ఏ పెంకు ప్రక్కన ఉన్నదో అదే దాని కాలమును చెప్పును. పెల్లగించి తీసిన నాణెము లోహపు బిళ్ల మాత్రమే.

మొయినాబాదు మండలములోని ఎనికేపల్లిలో ఈ దశాబ్దమున పురావస్తు పరిశోధకులు రెండు రాతి స్తంభములను గుర్తించిరి. ఒకటి గ్రానైటు, ఒకటి నల్లరాయి. ఆ ప్రాంతపు రెండు రాళ్లును అక్కడ ప్రక్కప్రక్కన నిలిచినట్లున్నవి. వాటిపై జైన తీర్థంకరుల రూపములు, తెలుగు-కన్నడ లిపిలో అక్షరములు ఉన్నవి. దగ్గరలోని చిలుకూరులో తొమ్మిది, పది శతాబ్దములలో జైన బసది ఉండెనని వాటివలన తెలిసినది. వాటిలో లోహము లేదు. వాటికొరకు నిధి వెదకువాడు వంగి చూడడు. అవి ఊరి చెరువు తూము గోడలో ఇమిడియున్నందున శాసనమును పూర్తిగా చదువుటకు అప్పటికి వీలుపడలేదు.