ఫ్లాట్‌లో వీడియో డోర్‌బెల్, ఈవీ ఛార్జర్: అసోసియేషన్ రూల్స్‌కీ అప్‌డేట్ కావాలి

వీడియో డోర్‌బెల్ కొంటే బాక్స్‌లో స్క్రూలు ఇస్తారు, స్టిక్కర్ ఇస్తారు. అసోసియేషన్ పర్మిషన్ మాత్రం ఇవ్వరు. ఫ్లాట్‌లో ఉండేవాళ్లు ఆర్డర్ పెట్టేముందు చూసుకోవాల్సిన స్పెసిఫికేషన్ ఇది.

మొదటి విషయం, గోడ ఎవరిది? మన ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్స్ చట్టం 1987లో వచ్చింది. దాని ప్రకారం ఫ్లాట్ మీదే కానీ ప్రధాన గోడలు, పైకప్పు, మెట్లు, కారిడార్ అందరివీ. అంటే లోపల ఏ స్మార్ట్ లైట్ పెట్టుకున్నా మీ ఇష్టం. బయట గోడకి డ్రిల్ పెట్టగానే అది అందరి వ్యవహారం.

పిఠాపురంలో మా అపార్ట్‌మెంట్ రూల్స్‌లో బయట బిగించే వాటి గురించి ఉన్నది ఒకటే లైను: డిష్ యాంటెన్నా పెట్టరాదు. ఈమధ్య ఒక ఫ్లాట్‌వాళ్లు కెమెరా డోర్‌బెల్ పెట్టారు. అది సరిగ్గా ఎదురింటి గుమ్మాన్నే చూస్తోంది. ఆ ఇంటి ఆంటీ అడిగితే, "రూల్స్‌లో కెమెరా అని లేదు కదండీ" అన్నారట. అదే నెలలో రెండో అంతస్తు బాబాయ్ గారు స్కూటర్‌కి ఛార్జింగ్ పాయింట్ అడిగితే, రూల్స్‌లో లేదు కాబట్టి కుదరదన్నారు. రూల్ లేకపోవడం ఒకరికి పర్మిషన్, ఇంకొకరికి నిషేధం! కోడ్‌లో ఇలా ఉంటే బగ్ అంటాం.

అసలు తప్పు గాడ్జెట్ పేరుతో రూల్ రాయడంలో ఉంది. అమెరికాలో మనవాళ్లకి హెచ్‌ఓఏల బాధ బాగా తెలుసు. అయితే డిష్‌ల విషయంలో అక్కడి ఎఫ్‌సీసీ 1996లో వాళ్ల చేతులు కట్టేసింది. నివాసి ఒక్కడే వాడుకునే బాల్కనీలాంటి చోట 1 మీటరు లోపు డిష్‌ని ఆపకూడదు. ఉమ్మడి గోడకి మాత్రం ఈ రక్షణ లేదు. కొలత, చోటు చూసి రాశారు కాబట్టి, తర్వాత ఇంటర్నెట్ యాంటెన్నాలని కలిపితే సరిపోయింది. ఇవాళ్టి స్టార్‌లింక్ డిష్ కూడా అందులోకే వస్తుంది.

ఛార్జర్ల విషయంలోనూ అంతే. స్కూటర్ పోర్టబుల్ ఛార్జర్‌కి మామూలు సాకెట్ చాలు. కారు వాల్‌బాక్స్ 32 ఆంపియర్లు లాగితే 230 వోల్టుల దగ్గర సుమారు 7.4 కిలోవాట్లు. రెండింటినీ "ఈవీ" అని ఒకే గాటన కడితే ఎలా? లోడ్ ఎంత, వైరు ఎక్కడినుంచి, మీటరు ఎవరిది అని అడగాలి. పైగా 2024లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఈవీ ఛార్జింగ్‌కి విడిగా కనెక్షన్ అడగొచ్చు. కాబట్టి కామన్ మీటరు బిల్లు పెరుగుతుందన్న సాకు చెల్లదు.

వచ్చే మీటింగ్‌కి నేను తీసుకెళ్తున్న డ్రాఫ్ట్‌లో గాడ్జెట్ల పేర్లు లేవు. కెమెరా ఏదైనా పక్కవాళ్ల గుమ్మం, కిటికీ ఫ్రేమ్‌లోకి రాకూడదు. ఉమ్మడి గోడకి రంధ్రం పడితే ముందు రాతపూర్వకంగా అడగాలి. 15 రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే. కాదంటే కారణం రాసివ్వాలి. ఏటా ఒకసారి రూల్స్ తిరగేసి, మార్చిన తేదీ పక్కనే వేయాలి.

పాతవాటి సంగతే కాస్త ఇబ్బంది. ఇప్పటికే బిగించినవి పీకించడం అన్యాయం అనిపించింది. అందుకే కెమెరాలు తిప్పుకోడానికి నెల గడువు, రోడ్డు వైపున్న ఏసీ యూనిట్లకి అవి మార్చేదాకా మినహాయింపు అని రాశాను. సెక్రటరీ గారి ఏసీ కూడా ఆ రెండో లిస్టులోనే ఉంది.