కంప్యూటర్ నోటిఫికేషన్: చెప్పాలి, పనికి అడ్డు పడకూడదు

2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక విడపనకల్లు లాంటి మండలాల్లో చాలా పనులు ఊళ్లోని కంప్యూటర్ మీదే జరుగుతున్నాయి. సర్టిఫికెట్ కావాలన్నా, పథకానికి దరఖాస్తు పెట్టాలన్నా ఆ స్క్రీన్ ముందుకే వెళ్లాలి. టైప్ చేసేవారు ఒకరు, వెనక లైన్లో నిలబడేవారు చాలామంది. ఇలాంటి చోట స్క్రీన్ మీద ఉన్నట్టుండి ఊడిపడే నోటిఫికేషన్ చిన్న విషయం కాదు.

ఉదాహరణకు ఆధార్ నంబర్ కొడుతున్నారనుకోండి. 12 అంకెల్లో ఎనిమిదో అంకె దగ్గర ఒక డబ్బా ముందుకొచ్చింది. మిగతా నాలుగు అంకెలు ఫారంలో పడవు. చూసుకోకుండా ఎంటర్ కొట్టేస్తే ఆ డబ్బాలో ఏముందో చదవకుండానే అది మాయమైపోతుంది. అంటే ఫారమూ చెడింది, సమాచారమూ అందలేదు. అందుకే మొదటి నియమం: నోటిఫికేషన్ కనపడాలి గానీ కీబోర్డును లాక్కోకూడదు. డబ్ల్యూ3సీ సంస్థ 2018 జూన్‌లో తెచ్చిన దివ్యాంగుల సౌలభ్య మార్గదర్శకాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. పని ఎంతవరకు వచ్చిందో చెప్పే సందేశం, యూజర్ ఉన్న చోటి నుంచి కదిలించకుండానే స్క్రీన్ రీడర్‌కు అందాలని అవి చెబుతాయి.

అన్నీ అర్జెంట్ కావు

లైనక్స్ డెస్క్‌టాప్‌లు వాడే ప్రమాణంలో నోటిఫికేషన్లకు మూడు స్థాయిలున్నాయి: తక్కువ, సాధారణం, అత్యవసరం. అత్యవసరమైనది తనంతట తాను పోకూడదు, యూజరే తీసేయాలి. దీన్ని మన పనికి అన్వయిస్తే, ‘కొత్త అప్‌డేట్ ఉంది’ అన్నది చప్పుడు లేకుండా లిస్టులో ఉంటే చాలు. ‘సర్టిఫికెట్ ప్రింటుకు సిద్ధం’ అన్నది కాసేపు కనపడి పోవచ్చు. ‘నెట్ పోయింది, ఫారం సేవ్ కాలేదు’ అన్నది మాత్రం చూసేదాకా ఉండాలి. మూడింటికీ ఒకే ఎర్ర రంగు, ఒకే మోత పెడితే నాన్నా పులి కథే అవుతుంది. నిజంగా అవసరమైన రోజు ఎవరూ పట్టించుకోరు.

మాట సూటిగా ఉండాలి

‘లోపం సంభవించింది’ అంటే ఎవరికేం అర్థమవుతుంది? ‘ఫొటో సైజు ఎక్కువైంది, తగ్గించి మళ్లీ పెట్టండి’ అంటే పని ముందుకు సాగుతుంది. భాష సంగతీ చూడాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. వెబ్ నోటిఫికేషన్లో రాత దిశ, భాష చెప్పే వీలుంది. డెవలపర్ అది పట్టించుకోకపోతే మధ్యలో ఇంగ్లీషు పేరో, నంబరో వచ్చినప్పుడు వరస తారుమారు కావచ్చు.

ఇంకోటి గోప్యత. పదిమంది చూసే స్క్రీన్ మీద ఓటీపీ, బ్యాంకు మెసేజ్ పూర్తిగా కనపడకూడదు. ‘కొత్త మెసేజ్ వచ్చింది’ అంటే సరిపోతుంది.

అనుమతి ముందే అడగొద్దు

సైట్ తెరవగానే ‘నోటిఫికేషన్లు పంపమంటారా?’ అని అడిగితే, ఆ డబ్బా పోతే చాలని చాలామంది ‘అలో’ నొక్కేస్తారు. ‘మీ కంప్యూటర్‌కు వైరస్ వచ్చింది’ అని భయపెట్టే మోసగాళ్లకు ఇదే దొడ్డిదారి. అందుకే 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 72, ఫిబ్రవరిలో క్రోమ్ 80 ఈ అడుగుడుకు కళ్లెం వేశాయి. దరఖాస్తు పెట్టాక ‘ఫలితం వచ్చినప్పుడు చెప్పమంటారా?’ అని అడగడం మర్యాద.

ఇప్పుడే చేసుకోదగ్గవి

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి ‘డు నాట్ డిస్టర్బ్’ ఆన్ చేస్తే డబ్బాలు ఎగరవు, లిస్టులో చేరతాయి. మామూలుగా నోటిఫికేషన్ 5 సెకన్లే ఉంటుంది. నిదానంగా చదివేవారు యాక్సెసిబిలిటీలో ఆ సమయం పెంచుకోవచ్చు. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి, ముక్కూమొహం తెలియని సైట్లను తీసేయండి. పదిమంది వాడే కంప్యూటర్‌లో ఈ పని అప్పుడప్పుడూ చేస్తుండాలి.