వాన అనే ఆజ్ఞ

పిల్లలూ, కంప్యూటరుకు వాన అంటే ఏమిటో తెలియదు. ఈ సంగతి నాకు కొన్నేళ్ళ కిందట ఒక కార్తీక మాసంలో, కుండపోతగా వాన కురుస్తున్న సాయంకాలం తెలిసివచ్చింది.

బాపట్లకూ రేపల్లెకూ మధ్య ఒక పల్లెటూరి బడికి నేను అప్పుడప్పుడూ వెళ్ళి సాయం చేస్తూ ఉండేవాణ్ణి. ఉద్యోగ విరమణ చేసిన హెడ్మాస్టరుకు బడి గంట వినపడకపోతే తోచదు గదా! ఆ బడిలో ఒక మూలగదిలో చిన్న కంప్యూటరు ఉండేది. పాఠాలు దాచిపెట్టటమూ, అడిగినవారికి చూపటమూ, తల్లిదండ్రుల ఫోన్లకు కబుర్లు పంపటమూ దాని పని. ఇటువంటి కంప్యూటరును సర్వరు అంటారు. అంటే వడ్డించేది అని అర్థం. పంక్తిలో కూర్చున్నవారు పప్పు అడిగితే పప్పు, చారు అడిగితే చారు వడ్డించేవాడి వంటిది.

ఆ రోజు సముద్రంలో వాయుగుండం పుట్టింది. చీకటిపడే లోపల పిల్లల ఇళ్ళకు కబురు పంపాలి. నేను ఒక ప్రకటన రాసి ఇచ్చాను:

రేపు బడి ఉంటుంది; వాన పెరిగితే పిల్లలను పంపవద్దు

మధ్యలో ఉన్న గుర్తును చూశారా? దానిని అర్ధవిరామం అంటారు. ఇంగ్లీషులో సెమీకోలన్. కామాకు ఎక్కువ, ఫుల్‌స్టాపుకు తక్కువ. ముప్ఫై ఏళ్ళపాటు పిల్లల చేత నేను దిద్దించిన గుర్తు అది. దానిని సరి అయిన చోట పెట్టానని కొంచెం గర్వపడ్డాను కూడా.

కంప్యూటరు చూసే కుర్రవాడు నా పూర్వ విద్యార్థే. కంప్యూటరు చేయవలసిన పనులను ఒకదాని కింద ఒకటిగా రాసిపెట్టిన పత్రాన్ని స్క్రిప్టు అంటారు. అతను ఆ స్క్రిప్టులో "పంపు" అనే ఆజ్ఞ పక్కన నా ప్రకటనను ఉన్నది ఉన్నట్టు ఎక్కించి, మీట నొక్కాడు.

పది నిమిషాలు గడవకముందే ఒక తండ్రి ఫోను చేశాడు. వాళ్ళ అమ్మాయి రోజూ కాలవగట్టు మీద నడిచి బడికి వస్తుంది.

"మాస్టారండీ, గట్టు మీదికి నీళ్ళెక్కుతున్నాయండి. అయినా పిల్లను పంపమంటారా?" అని అడిగాడు.

"పంపవద్దనే గదయ్యా రాశాను!" అన్నాను.

"లేదండి. రేపు బడి ఉంటుంది అని ఒక్క ముక్కే వచ్చిందండి."

నా గుండె గుభేలుమంది. ఇద్దరమూ పరుగున పోయి కంప్యూటరు తెర చూశాం. దాని మీద ఇంగ్లీషులో ఒక ఫిర్యాదు ఉంది. తెలుగులో చెప్పాలంటే, "వాన: అటువంటి ఆజ్ఞ లేదు" అని! బయట చూస్తే ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. లోపల కంప్యూటరేమో వాన అనేది తనకు తెలియదంటున్నది.

ముందు చెరొక ఫోను పట్టుకుని ఇంటింటికీ మాట్లాడి చెప్పాం. ఆ తర్వాత కూర్చుని అసలు ఏం జరిగిందో ఆరా తీశాం.

మీరు పరమానందయ్య శిష్యుల కథలు విని ఉంటారు. గురువు చెప్పినమాట చెప్పినట్టు చేసి, ఆయన కొంప ముంచే శిష్యులు వాళ్ళు. కంప్యూటరు కూడా అటువంటి శిష్యుడే. దానికి అర్ధవిరామం అంటే "ఒక ఆజ్ఞ అయిపోయింది, ఇంకొకటి మొదలవుతుంది" అని నేర్పారు. కనక అది "రేపు బడి ఉంటుంది" అన్నంత వరకు పంపి, ఆ పని పూర్తయిందనుకున్నది. తర్వాత కనపడిన "వాన" అనే మాటను కొత్త ఆజ్ఞ అనుకుని వెతికింది, దొరకలేదు. నేను పెట్టింది విరామ చిహ్నం. అది చదివింది ఆజ్ఞ. తప్పు దానిది కాదు, ఆ తేడా దానికి చెప్పని మాది.

ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టింది కాదు. నా చిన్నతనంలో మా నాన్నగారి వెంట తెనాలిలో ఒక అచ్చుకూటానికి వెళ్ళాను. ఆ రోజుల్లో తెనాలి అచ్చుపనికి పేరుపడ్డ ఊరు. కంపోజిటరు సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చేవాడు. ప్రూఫు దిద్దే ఆయన కాగితం అంచున "ఇక్కడ ఖాళీ వదలండి" అని రాసి, ఆ మాటల చుట్టూ సున్న చుట్టటం చూశాను. "సున్న ఎందుకండీ?" అని అడిగాను. "సున్న చుట్టకపోతే మనవాడు ఆ మాటలను కూడా పుస్తకంలో అచ్చువేస్తాడు నాయనా!" అని ఆయన నవ్వాడు. కాగితం మీద ఉన్నవన్నీ అక్షరాలే. వాటిలో అచ్చువేయవలసినవి ఏవి, కంపోజిటరుకు చెప్పినవి ఏవి అన్నది ఆ సున్న చెబుతుంది.

కంప్యూటరుకు ఈ సున్న పనిని కోట్ గుర్తులు చేస్తాయి. మా ప్రకటనకు రెండు వైపులా " " పెట్టేసరికి, లోపల ఉన్న అర్ధవిరామం ఆజ్ఞగా కాక, మామూలు గుర్తుగా వెళ్ళిపోయింది.

అంతటితో చిక్కు తీరిపోయిందనుకున్నాం. మర్నాడు నేను "రాత్రి 6" వాన పడింది" అని రాసి ఇచ్చాను. ఆరు అంగుళాలని నా ఉద్దేశం. మా కాలంలో అంగుళాలను అట్లాగే రాసేవాళ్ళం. కంప్యూటరు ఏం చేసిందో తెలుసా? అంగుళాల గుర్తును చూసి, కోటు మూసుకున్నదనుకున్నది. చివర ఉన్న అసలు కోటును చూసి, మళ్ళీ తెరుచుకున్నదనుకున్నది! ఆ పైన ఉన్న ఆజ్ఞలన్నిటినీ ప్రకటనలో భాగంగానే మింగుతూ పత్రం చివరికంటా పోయి, "జత కోటు దొరకలేదు" అని చతికిలబడింది.

దీనికి మందు \ అనే ఏటవాలు గీత. దాని పేరు బ్యాక్‌స్లాష్. "నా వెనక ఉన్న గుర్తును ఆజ్ఞగా చూడకు, ఉత్త అక్షరంగా చూడు" అని అది చెబుతుంది. 6\" అని రాస్తే అంగుళాలు అంగుళాలుగానే ఉంటాయి. ఇట్లా ఒక గుర్తును ఆజ్ఞ కాకుండా తప్పించటాన్ని ఎస్కేపు చేయటం అంటారు. కంప్యూటరు అక్షరాల పట్టికలోకి ఈ గీతను తెచ్చినవాడు బాబ్ బీమర్ అనే అమెరికా దేశస్థుడు. ఆయన 1961లో దీనిని ప్రతిపాదించాడు. 1963లో వెలువడిన ఆస్కీ అనే పట్టికలో అది చేరింది. మరి ఆ గీతనే అక్షరంగా రాయవలసివస్తే? దాని ముందు ఇంకొక గీత పెట్టాలి: \\. దొంగను పట్టటానికి దొంగనే పంపినట్టు!

ఇంకొక తమాషా వినండి. అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థి ఒకడు బడి లైబ్రరీకి డబ్బు పంపాడు. "$500 అందినవి" అని కోట్ల మధ్యనే రాసి అందరికీ కబురు పంపాం. వెళ్ళిన కబురు "00 అందినవి" అని! చాలా స్క్రిప్టులలో $ గుర్తుకు "ఈ పేరుగల డబ్బాలో ఉన్నదాన్ని తీసి ఇక్కడ పెట్టు" అని అర్థం. జంట కోట్ల లోపల కూడా ఆ అర్థం పోదు. కంప్యూటరు 5 అనే డబ్బా తెరిచింది. అందులో ఏమీ లేదు. మిగిలిన రెండు సున్నలు పంపేసింది. ' ' అనే ఒంటి కోట్ల మధ్య రాసి ఉంటే, $ కూడా నోరు మూసుకుని కూర్చునేది.

ఒకే గుర్తు రెండు విధాలుగా చదవబడటం ఎంత పాత సంగతో చూడండి. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలో భట్టిప్రోలు ఉన్నది. 1892లో అలెగ్జాండర్ రీ అనే ఆయన అక్కడి బౌద్ధ స్తూపంలో తవ్వించినప్పుడు, రెండు వేల ఏళ్ళకు పైబడిన రాతి బరిణెలు దొరికాయి. వాటి మీద అక్షరాలున్నాయి. అశోకుని శాసనాలలో ఒక హల్లుకు ఒక చిన్న గీత తగిలిస్తే "కా" అని దీర్ఘం. భట్టిప్రోలు బరిణెల మీద అదే గీత తగిలిస్తే "క" అని హ్రస్వమే! అక్కడ దీర్ఘానికి వేరే గుర్తు వాడారు. గుర్తు ఒకటే, లెక్క వేరు. ఆ లెక్క తెలియనివాడు బరిణెల మీది మాటలు తప్పుగా చదువుతాడు. గుర్తుకు అర్థం గుర్తులో లేదు, చదివేవాడు పాటించే నియమంలో ఉంది.

ఇటువంటి తికమకకు మన తెలుగు అక్షరమే ఒకసారి ప్రపంచానికంతటికీ ఉదాహరణ అయింది. "రాజ్‌కుమార్" అని పొల్లు విడిగా కనపడేటట్టు రాయాలంటే, ఆ పొల్లు వెనక కంటికి కనపడని ఒక గుర్తు ఉంచాలి. లేకపోతే అది "రాజ్కుమార్" అయిపోతుంది. ఈ కనపడని గుర్తు "జ్ఞా" అనే అక్షరంలో ఒకానొక చోట చేరినప్పుడు, ఆపిల్ కంపెనీ ఐఫోన్లు దానిని తెర మీద చూపలేక, ఆ కబురు తెరిచిన యాప్ ఆగిపోయేది. ఇది 2018 ఫిబ్రవరిలో జరిగింది. ఆ నెల 19వ తేదీన కంపెనీ ఆ లోపం సరిచేసి పంపింది. జ్ఞానం అనే మాటకు మొదటి అక్షరమే యంత్రానికి మింగుడుపడలేదన్నమాట!

సరే, మరి ఇటువంటి తప్పులను పట్టటం ఎట్లా? మేము దెబ్బలు తిని నేర్చుకున్న పద్ధతి చెబుతాను.

మొదట, ఫిర్యాదును పూర్తిగా చదవాలి. అయితే అది చూపిన వరసలోనే తప్పు ఉంటుందని నమ్మరాదు. సర్వరు ఎట్లా నడుచుకోవాలో రాసిపెట్టే పత్రం ఒకటి ఉంటుంది. దానిని కాన్ఫిగరేషన్ అంటారు. మీకు తెలియటానికి తెలుగులో రాస్తాను:

గుమ్మం 80;
ఇల్లు పాఠాలు
పేరు మనబడి;

రెండవ వరస చివర అర్ధవిరామం మరిచాం. కంప్యూటరు ఆగక, "ఇల్లు పాఠాలు పేరు మనబడి" అని కలిపి చదివి, మూడవ వరసలో తప్పున్నదంటుంది. కాలికి ముల్లు గుచ్చుకున్న చోటొకటి, కుంటటం మొదలుపెట్టిన చోటొకటి! అందుచేత చూపిన వరసతోపాటు దాని పై వరసను కూడా చూడాలి.

రెండవది, జతలు లెక్కపెట్టాలి. తెరిచిన ప్రతి కోటూ, ప్రతి బ్రాకెట్టూ మూసుకున్నదా? ఉత్తరాలు రాసే ప్రోగ్రాముల నుంచి ఎత్తి అతికిస్తే " కు బదులు “ వస్తుంది. మన కంటికి రెండూ ఒకటే. కంప్యూటరుకు అవి వేరువేరు అక్షరాలు.

మూడవది, తప్పు దొరకకపోతే పత్రాన్ని సగానికి విడగొట్టి చూడాలి. సగం ఆజ్ఞలు పక్కన పెట్టినా ఫిర్యాదు పోలేదా? అయితే తప్పు మిగిలిన సగంలోనే ఉంది. మళ్ళీ దానిలో సగం. వెయ్యి వరసలైనా పది సార్లలో ఒక్క వరసకు వచ్చేస్తాం. నమ్మకపోతే 1000ని రెండేసి చేత భాగించి చూడండి.

నాలుగవది, మార్చేముందు పాత పత్రానికి నకలు తీసి ఉంచాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే, ఏది రోగమో, ఏది మందో తెలియదు.

ఐదవది, సర్వరును ఆపి మళ్ళీ నడిపే ముందు పత్రాన్ని పరీక్షించాలి. ఎంజిన్ఎక్స్, అపాచీ అనే పేరుగల సర్వర్లు రెంటికీ "నడపకుండా చదివి మాత్రం చూడు" అనే ఆజ్ఞ ఉంది. ఇది చేయకుండా ఆపితే, తప్పున్న పత్రంతో సర్వరు తిరిగి లేవదు. పాఠాలు లేవు, కబుర్లు లేవు!

కాని పిల్లలూ, అన్నిటికన్న ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. ఈ పరీక్ష వ్యాకరణాన్ని చూస్తుందే కాని, అర్థాన్ని చూడదు. నా మొదటి ప్రకటన ఆ పరీక్షకు నిలిచేదే. "రేపు బడి ఉంటుంది" అన్నది కంప్యూటరు దృష్టిలో నిక్షేపమైన కబురు. అది తప్పని తెలిసింది యంత్రానికి కాదు, కాలవగట్టు మీద నీళ్ళు చూసిన ఒక తండ్రికి. ఆయన "ఈ వానలో పంపమంటారా?" అని నోరు తెరిచి అడిగాడు కనక సరిపోయింది.

ఆ రోజు నుంచి మేము ఒక కొత్త నియమం పెట్టుకున్నాం. ఏ కబురైనా ముందు నా ఫోనుకు వస్తుంది. నేను కళ్ళజోడు పెట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా చదివి "సరే" అన్న తర్వాతనే పిల్లల ఇళ్ళకు వెళుతుంది. అర్ధవిరామాలు పెట్టటం మాత్రం నేను మానలేదు. వాటికి రెండు వైపులా కోట్లు ఉన్నాయో లేదో చూసుకుంటున్నాను, అంతే!