డ్రైవరు లేని లారీ - లారీ పనివారి తలంపులు

గడచిన సంవత్సరము మా తరగతిలో యంత్రములను గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక లారీ డ్రైవరు కుమారుడు లేచి, "అయ్యగారూ, డ్రైవరు లేకయే లారీలు నడచు కాలము వచ్చినయెడల మా నాయన యేమి చేయును?" అని యడిగెను. ప్రశ్న చిన్నదియే గాని ప్రత్యుత్తరము చిన్నది కాదు. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములలో పండు వరి, వేరుసెనగ, ప్రత్తి లారీల మీదనే పోవుచున్నవి. వానిపై బ్రతుకు కుటుంబములు పెక్కు గలవు. కావున ఈ విషయమును కొంత వివరింప బూనితిమి.

ముందుగా ఆ బండి యెట్లు నడచునో తెలిసికొందము. కెమెరాలు, రాడార్లు, లైడారు అను లేజరు పరికరము దానికి కన్నులవంటివి. లైడారు కాంతికిరణమును పంపి, అది యెదుటి వస్తువునకు తగిలి మరలి వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరమును లెక్కించును. కంప్యూటరు వీనినన్నిటిని సమకూర్చుకొని స్టీరింగును, బ్రేకును నడుపును. అమెరికాలో డల్లాసు, హ్యూస్టను నగరముల నడుమ అరోరా అను సంస్థ 2025లో ఇట్టి లారీలతో సరకులు పంప నారంభించెను. కొలది దినములకే, లారీని తయారుచేసినవారి కోరికపై, ఒక మనిషిని మరల ముందు సీటులో కూర్చుండబెట్టెను. మన రాష్ట్రములో సంగారెడ్డి జిల్లా కందియందలి ఐ.ఐ.టి.లో 'తిహాన్' అను పరీక్షాస్థలము 2022 జూలైలో ప్రారంభమైనది.

ఈ సంగతిపై మనవారి తలంపేమి? 44వ జాతీయ రహదారిపై కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి కూడలి యొద్ద దాబాలలో విశ్రమించువారితో మేము మాటలాడితిమి. వారు మొదట నవ్విరి. ఎదురుదారిని వచ్చు మోటారుసైకిలును, రోడ్డుపై ఆరబోసిన వడ్లను, గొర్రెలమందను ఆ యంత్రమెట్లు తెలిసికొనునని యడిగిరి. నవ్వు తగ్గిన పిమ్మట భయము బయటపడెను. "మాకు వేరొక విద్య రాదు" అని నడివయస్సు దాటినవారనిరి. నిద్రమత్తు వేళ తానే బ్రేకు వేయు యంత్రము మేలేనని కొందరొప్పుకొనిరి. "అది మాకు క్లీనరుగా నుండవలెను గాని యజమానిగా నుండరాదు" అని ఒక పెద్ద డ్రైవరు చెప్పెను. జీతము మిగుల్చుకొనుటకై యజమానులు క్లీనరును మానిపించిన లారీలు ఇప్పటికే అనేకములు. డ్రైవరు పనికి బడి క్లీనరు పనియే గదా!

మరియొక సందేహము తప్పు బాధ్యతను గూర్చినది. ప్రాణహాని చేసి, పోలీసులకు తెలుపక పారిపోయిన డ్రైవరునకు పదియేండ్లవరకు శిక్ష విధించు క్రొత్త చట్టమునకు విరోధముగా 2024 జనవరిలో దేశమంతట లారీలు నిలిచిపోయినవి. యంత్రము తప్పు చేసిన చెరసాలకు పోవునదెవరని వారడుగుచున్నారు. ఇది న్యాయమైన ప్రశ్న.

ఉద్యోగములు పోవునను కారణముచే ఇట్టి వాహనములను రానీయమని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ 2017లోను, 2023లోను చెప్పిరి. కాలిఫోర్నియాలో పెద్ద లారీయందు మనిషి యుండి తీరవలెనని శాసనసభ 2023లో చేసిన బిల్లును గవర్నరు త్రోసివేసిరి. కావున మాటపై మాత్రమే ఆధారపడి నిశ్చింతగా నుండరాదు.

మా యభిప్రాయము వినుడు. లారీపని స్టీరింగు త్రిప్పుట మాత్రమే కాదు. బరువు సరిచూచుట, పట్టా కప్పి త్రాళ్లు బిగించుట, టైరు మార్చుట, కాగితములు చూపుట, సరకు కావలి కాచుట యను పనులన్నియు గలవు. యంత్రము మొదట తిన్నని పెద్ద రహదారినే పట్టును. పొలముగట్టునుండి మిల్లుకు పోవు దారి దానికి చిట్టచివర లొంగును. కావున దూరప్రయాణపు డ్రైవర్లకే ముందుగా ముప్పు. వారికి క్రొత్తపని నేర్పుట యజమానులకును ప్రభుత్వమునకును విధి.

ఆ బాలునకు మేమిట్లు చెప్పితిమి: "నాయనా, మీ తండ్రిపని రేపే పోదు. ఆయన చేతినేర్పును చులకన చేయకుము, దానిని నేర్చుకొనుము. దానితోకూడ గణితమును, ఆ కంప్యూటరు మర్మమును నేర్చుకొనుము. యంత్రమునకు బుద్ధి చెప్పువాడు రోడ్డు నెరిగినవాడై యుండవలెను." తలిదండ్రులారా, మీ బిడ్డలను పదవతరగతితో మాన్పింపక చదివింపుడని మా మనవి.