పదహారేళ్ల కుర్రాడికి ఛాతీ నొప్పి

విశాఖలో అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ఊపిరాడకపోతే, కొన్ని పేటలవాళ్లం ముందు కిటికీ తీసి గాలి వాసన చూస్తాం. వేరే ఊళ్లవాళ్లకి ఇది వింతగా ఉండొచ్చు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ అంటుకున్నప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మల్కాపురం వైపు నుంచి జనం చేతికందిన పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తడం కళ్లారా చూశాను. 2020 మే 7న తెల్లవారకముందే ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్‌ఆర్ వెంకటాపురం మీద పడింది. 12 మంది పోయారు. అందుకే మా పెద్దాడు ఒకరోజు రాత్రి పుస్తకం పక్కనపెట్టి వచ్చి, “అమ్మా, ఇక్కడ కత్తి దిగినట్టుంది, గాలి పీలిస్తే ఇంకా పొడుస్తోంది” అని ఎడమవైపు ఛాతీ పట్టుకున్నప్పుడు నేను ముందు కిటికీ తీశాను. వాసనేమీ లేదు. మిగతా అందరం బాగానే ఉన్నాం. అంటే ఏం జరిగినా వాడి ఒంట్లోనే జరిగింది.

వాడికి పదహారు నిండాయి. ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. మనిషి పొడుగు, ఒంటి మీద కండ లేదు. మా వారు స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ మనిషి. అక్కడ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఆయనది కృష్ణ. ఆ వారం సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, ఫర్నేస్ దగ్గరుంటే ఫోనెత్తరు. ఇంట్లో పెద్దదిక్కు మా అత్తయ్య. ఆవిడ లేచి కూర్చుని, “గ్యాస్ పట్టేసుంటాదే, వాము నీళ్లు తాగించు” అంది. మన ఇళ్లలో ఛాతీ నొప్పికి మొదటి వైద్యం వాము, రెండోది మందుల షాపువాడిచ్చే గ్యాస్ మాత్ర. ఈ రెండూ దాటి మూడో వైద్యం దాకా వచ్చేసరికి ఒక్కోసారి తెల్లారిపోతుంది.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. అంకె కనబడితే తప్ప నాకు నమ్మకం కుదరదు. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరు బీరువాలోంచి తీసి వేలికి తగిలించాను. 92, 93 మధ్య ఊగుతోంది. ఎప్పుడూ 98 చూపించే పిల్లాడు. కడుపులో గ్యాస్ పడితే ఆక్సిజన్ పడిపోదు. పక్కింటి అన్నయ్యను లేపి కారు తీయించాను.

గాజువాకలో మాకు దగ్గర్లోనే ఒక నర్సింగ్ హోమ్ ఉంది. పేరు రాయను. బయట ఎర్ర అక్షరాల్లో ‘24 గంటల ఎమర్జెన్సీ’ అని వెలుగుతుంటుంది. లోపల ఉన్నది ఒక్క కాంపౌండర్ కుర్రాడు. “డ్యూటీ డాక్టరుగారు ఇప్పుడే వెళ్లారమ్మా. ఎక్స్‌రే అబ్బాయి పొద్దున వస్తాడు. గ్యాస్ ఇంజెక్షన్ చెయ్యమంటారా?” అన్నాడు. ఈసీజీ తియ్యమన్నాను. తీసినా చూసేవాళ్లు లేరన్నాడు. ఆక్సిజనైనా పెట్టమన్నాను. అడ్మిషన్ రాసి అడ్వాన్సు కడితేగానీ పెట్టకూడదట. “కేజీహెచ్‌కి తీసుకుపోండమ్మా, అదే మంచిది” అని సలహా మాత్రం ఉచితంగా ఇచ్చాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి, నెత్తిమీద ఆ బోర్డు వెలిగించినవాళ్ల మీద ఉంది.

అక్కడి మెట్ల మీద నుంచే 108కి ఫోన్ చేశాను. ఈ సర్వీసు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే, 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో మొదలై తర్వాత దేశంలో చాలా రాష్ట్రాలకు పాకింది. చాలామంది దాన్ని రోడ్డు ప్రమాదాలకే అనుకుంటారు. ఆ బండిలో డ్రైవరుతోపాటు శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటాడు, ఆక్సిజన్ ఉంటుంది. సొంత కారు ఉన్నవాళ్లు కూడా తెలుసుకోవలసిన తేడా ఇదే. కారులో పిల్లాడు కూర్చుని ప్రయాణం చేస్తాడు, అంతే. అంబులెన్స్‌లో వైద్యం దారిలోనే మొదలవుతుంది. టెక్నీషియన్ మాస్కు తగిలించి, బీపీ చూసి, వాణ్ణి పడుకోబెట్టకుండా వెనక్కి ఆనించి కూర్చోబెట్టాడు. షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డెక్కి, ట్రెయిలర్ల మధ్య నుంచి కాన్వెంట్ జంక్షన్ మీదుగా కేజీహెచ్ చేరాం.

1923లో తెరిచిన కింగ్ జార్జ్ ఆసుపత్రి అది. శ్రీకాకుళం మొదలుకొని ఒడిశా సరిహద్దు ఊళ్ల దాకా చివరి ఆశగా వచ్చేది అక్కడికే. క్యాజువాలిటీలో ముందు ఈసీజీ తీశారు. ఛాతీ మీద లీడ్లు అంటించి కాగితం బయటికి వచ్చేదాకా అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. బాగుంది. తర్వాత ఓ యువ డాక్టరు స్టెతస్కోపు కుడివైపు పెట్టి విన్నాడు, ఎడమవైపు పెట్టి విన్నాడు, మళ్లీ కుడికి వచ్చాడు. వేళ్లతో ఛాతీ మీద తట్టి చూశాడు. “ఎడమ పక్క గాలి శబ్దం రావట్లేదు మేడమ్. ఎక్స్‌రే తీద్దాం” అన్నాడు. ఫిల్ములో ఊపిరితిత్తి అంచు పక్కటెముకలకి ఆనుకుని ఉండాల్సింది పోయి, సగం దాకా లోపలికి ముడుచుకుని సన్నటి గీతలా కనిపించింది. అవతల అంతా ఖాళీ నలుపు.

దాని పేరు న్యూమోథొరాక్స్. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1819లోనే దీని లక్షణాలు వివరంగా రాశాడు. చాలాకాలం దీన్ని క్షయ వల్ల వచ్చేదే అనుకున్నారు. ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతులకీ వస్తుందని 1932లో డెన్మార్క్ వైద్యుడు కేర్‌గార్డ్ చూపించాడు. ముఖ్యంగా పొడుగ్గా, సన్నగా ఉండే కుర్రాళ్లకి వస్తుంది. పరిగెత్తుతుంటేనో బరువెత్తుతుంటేనో అనుకుంటాం గానీ, ఎక్కువగా ఊరికే కూర్చున్నప్పుడే వస్తుంది.

జరిగేదేమిటో నా పాఠంలో ఉన్నదే. ఊపిరితిత్తికి ఎప్పుడూ ముడుచుకోవాలనే ఉంటుంది. పక్కటెముకల గూడుకి ఎప్పుడూ బయటికి విచ్చుకోవాలని ఉంటుంది. రెంటికీ మధ్య పల్చటి పొరల సందులో పీడనం బయటి గాలి పీడనం కన్నా కాస్త తక్కువ. ఆ తక్కువే ఊపిరితిత్తిని గోడకు అంటిపెట్టి ఉంచుతుంది. ఊపిరితిత్తి పైకొనలో చిన్న బుడగ లాంటిది ఉండి, అది చిట్లిందనుకోండి, లోపలి గాలి ఆ సందులోకి చేరుతుంది. పీడనాలు సమానమవుతాయి, ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఒక్కోసారి ఆ చిల్లు గాలిని సందులోకి వెళ్లనిస్తుంది గానీ తిరిగి రానివ్వదు. అప్పుడు ప్రతి శ్వాసకీ ఒత్తిడి పెరిగి గుండెనే పక్కకి నెట్టేస్తుంది. పెదాలు నీలిరంగుకి తిరుగుతాయి, బీపీ పడిపోతుంది. ఆ స్థితిలో ఎక్స్‌రే కోసం కూడా ఆగరు, వెంటనే సూది గుచ్చి గాలి బయటికి వదిలేస్తారు. ఆ రాత్రి పొద్దున్నదాకా ఎక్స్‌రే అబ్బాయి కోసం కూర్చుని ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు.

ఇది వచ్చిన అందరికీ ట్యూబు వెయ్యరు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు 316 మంది మీద చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో, ట్యూబు వెయ్యకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఊపిరితిత్తి దానంతటదే విచ్చుకుంది. మావాడికి ఆయాసం ఉంది, ఆక్సిజన్ తగ్గుతోంది కాబట్టి వేశారు. మత్తు సూది ఇచ్చి, చంక కింద పక్కటెముకల మధ్య నుంచి గొట్టం దించి, మరో కొస నీళ్లున్న సీసాలో ముంచారు. గాలి నీటిలోంచి బుడగలై బయటికి పోతుంది, నీళ్లు అడ్డుండడంతో వెనక్కి రాలేదు. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. బ్యూలో అనే జర్మన్ వైద్యుడు 1875లో వాడిన ఉపాయం. నూటయాభై ఏళ్లకి కూడా దీన్ని మించింది రాలేదంటే నాకు ముచ్చటేసింది. వార్డులో మాకు ఒకటే జాగ్రత్త పదే పదే చెప్పారు. సీసా ఎప్పుడూ ఛాతీ కన్నా కిందే ఉండాలి, పైకెత్తితే నీళ్లు లోపలికి పోతాయి. బాత్‌రూమ్‌కి వెళ్లేటప్పుడు మా వారు ఆ సీసాని ఫర్నేస్ దగ్గర గ్యాస్ మీటరు పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకునేవారు.

ఇంటికొచ్చాక చుట్టుపక్కల తల్లులందరూ అడిగింది ఒకటే: “మా పిల్లాడికి కూడా అప్పుడప్పుడు గుండెల్లో నొప్పంటాడు, అదేనా?” చాలామటుకు కాదు. గుండె జబ్బు అయ్యే అవకాశమూ చాలా తక్కువ. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పదేళ్లపాటు ఛాతీ నొప్పితో గుండె డాక్టర్ల దగ్గరికి వచ్చిన దాదాపు 3,700 మంది పిల్లల రికార్డులు తిరగేసి 2011లో ప్రచురించారు. గుండెలో కారణం దొరికింది 37 మందికే, నూటికి ఒకరికి.

మిగతా వాళ్లలో ఎక్కువమందికి కారణం గుండె చుట్టూ ఉన్న గోడలోనే ఉంటుంది. పక్కటెముక రొమ్ము ఎముకతో కలిసే చోట వాస్తే, అక్కడ వేలితో నొక్కగానే పిల్లాడు ఎగిరిపడతాడు. కొత్తగా జిమ్‌కి వెళ్లినవాళ్లకీ, బరువైన బ్యాగు ఒకే భుజానికి వేసేవాళ్లకీ కండరాలు పడతాయి. కొందరికి సూదితో గుచ్చినట్టు కొన్ని క్షణాలు వచ్చి, శ్వాస బిగబట్టేలా చేసి, ఎలా వచ్చిందో అలాగే పోతుంది. దానివల్ల ప్రమాదం లేదు. పోర్టు బొగ్గు ధూళి పీల్చే వన్‌టౌన్ వైపు పిల్లల్లో పరిగెత్తాక ఛాతీ బిగుసుకుంటే ఆస్తమా ఉందేమో చూపించాలి. మొటిమలకి డాక్సీసైక్లిన్ వాడే పిల్లలు రాత్రి గుక్కెడు నీళ్లతో మాత్ర మింగి వెంటనే పడుకుంటారు. అది అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తే వచ్చే మంట గుండె నొప్పినే తలపిస్తుంది. నిలబడి గ్లాసెడు నీళ్లు తాగి, అరగంట పడుకోకుండా ఉంటే చాలు.

ఇంక ఆందోళన. మన కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో పరీక్షల ముందు గుండె దడదడలాడి, చేతులు తిమ్మిరెక్కి, చచ్చిపోతున్నానన్నంత భయం పట్టుకునే పిల్లలు ఎందరో. వార్డెన్లు దాన్ని చదువు ఎగ్గొట్టే వేషం అంటారు. వేషం కాదు, ఆ నొప్పి పిల్లలకి నిజంగానే తెలుస్తుంది. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. కానీ ‘ఇది ఆందోళనే’ అన్న మాట డాక్టరు పరీక్ష చేశాక అనాలి, చెయ్యకముందు కాదు.

ఆ నూటికి ఒక్కరు ఎవరన్నది తేల్చడం తల్లిదండ్రుల పని కాదు. పరిగెత్తాల్సిన సూచనలు పట్టుకోవడమే మన పని. ఆటలో, పరుగులో ఉండగా నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆ రోజే చూపించాలి. గుండె కండరం వంశపారంపర్యంగా మందమైన పిల్లలు ఒక్కోసారి అలాగే బయటపడతారు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే అది డాక్టరుకి అడక్కుండానే చెప్పండి. మన ఇళ్లల్లో ‘మామయ్య నిద్రలో పోయాడు’ అని ఊరుకుంటాం. జ్వరం తగ్గిన వారం పది రోజులకి నొప్పి, ఆయాసం వస్తే గుండె కండరం వాచి ఉండొచ్చు. పడుకుంటే పెరిగి, ముందుకి వంగి కూర్చుంటే తగ్గే నొప్పి గుండె పైపొరది. చిన్నప్పుడు కీళ్ల వాపుతో జ్వరాలు వచ్చిన పిల్లలైతే రుమాటిక్ జ్వరం సంగతి గుర్తుచేయండి. ఇవేవీ లేకపోయినా హఠాత్తుగా ఒక పక్క పొడిచి ఆయాసం మొదలైతే, ముఖ్యంగా పొడుగాటి సన్నటి పిల్లాడైతే, ఛాతీ ఎక్స్‌రే తియ్యనిదే ఇంటికి రాకండి.

మావాడి ఊపిరితిత్తి విచ్చుకుంది. మన దేశంలో క్షయ ఉందో లేదో చూడకుండా ఈ కేసు మూసెయ్యరు కాబట్టి ఆ పరీక్షలూ అయ్యాయి, లేదని తేలింది. ఇది మూడోవంతు మందికి మళ్లీ వస్తుంది, ఎక్కువగా మొదటి ఒకటి రెండేళ్లలో. రెండోసారి వస్తే సర్జరీ గురించి ఆలోచిస్తారు. ఎక్స్‌రేలో పూర్తిగా తగ్గిందని తేలాక కూడా కనీసం వారం విమానం ఎక్కకూడదు. సిగరెట్ జోలికి పోకూడదు. రుషికొండలో స్నేహితులతో స్కూబా డైవింగ్ చెయ్యాలని వీడు ఎప్పటినుంచో డబ్బులు దాచుకుంటున్నాడు. నీటి అడుగున పీడనం మారి మళ్లీ చిట్లితే ప్రాణం మీదికి వస్తుంది, అది జన్మలో వద్దన్నారు. ట్యూబు వేసినప్పుడు ఏడవనివాడు ఆ మాటకి ఏడ్చాడు.

చివరగా చట్టం మాట. ప్రాణాపాయంలో ఉన్నవాణ్ణి కాపాడటం ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా వృత్తి బాధ్యతేనని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. రైలు నుంచి పడిన కూలీని మంచాలు లేవని వరసగా ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పి పంపిన బెంగాల్ కేసులో, సకాలంలో వైద్యం అందకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో తీర్పిచ్చి, 25,000 రూపాయలు పరిహారం ఇప్పించింది. అడ్వాన్సు కట్టాకే ఆక్సిజన్ అనడం ఏ పద్ధతిలోనూ చెల్లదు. ఆ క్షణంలో వాదించే ఓపిక తల్లికి ఉండదు గానీ, తర్వాత జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. నేను చేశాను.

నర్సింగ్ హోమ్ యజమానులకి నా మనవి ఒక్కటే. రాత్రిపూట డాక్టరునీ, ఎక్స్‌రే మనిషినీ పెట్టండి. పెట్టలేకపోతే ‘24 గంటల ఎమర్జెన్సీ’ బోర్డు దించెయ్యండి.