నోరు పెగలని ఏడు సెకన్లు

మైకు అందుకోగానే గొంతు ఎండిపోతుంది. అరచేతులు చల్లబడతాయి. రాత్రంతా బట్టీపట్టిన మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాదు. పిల్లలకే కాదు, పెద్దవాళ్లలోనూ చాలామందికి ఉన్న ఇబ్బందే ఇది. ఈ భయాన్ని వదిలించుకోవడానికి కొందరు వారానికో సాయంత్రం ఒకచోట చేరుతున్నారు. అలాంటి ఒక సాయంత్రం కథ ఇది.

మా మేనకోడలిది నరసరావుపేట. ఇంట్లో ఉందంటే బరంపేట సందు చివరిదాకా దాని గొంతే. అలాంటి పిల్ల బీటెక్ మూడో ఏడాదిలో సెమినార్ చెప్పడానికి లేచి, రెండో స్లైడు దగ్గర ఆగిపోయింది. క్లాసులో అరవై మంది. వెనక బెంచీల్లో నవ్వులు. మాస్టారు కూడా నవ్వేసి, ‘కూర్చోమ్మా.. ఇంటికెళ్లి అమ్మ దగ్గర నేర్చుకుని రా’ అన్నారట. తిట్టలేదు, మార్కులు తగ్గించలేదు. ఆ ఒక్క మాటే. చివరి ఏడాది ప్రాంగణ నియామకాల్లో రాతపరీక్ష గట్టెక్కి కూడా, గ్రూప్ డిస్కషన్ రోజున జ్వరమని హాస్టల్లో పడుకుంది. అది జ్వరం కాదని మాకు తెలిసింది మూడేళ్ల తర్వాత.

ఎలాగో హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. పని బాగా చేస్తుందని రెండుసార్లు టీమ్ లీడ్ ఇస్తామన్నారు. రోజూ పొద్దున్నే పదిమంది ముందు మాట్లాడాల్సి వస్తుందని రెండుసార్లూ వద్దంది. మూడోసారి అడగరేమోనన్న బెంగతో స్నేహితురాలి వెంట టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకు వెళ్లింది. నాలుగు నెలలు వెనక కుర్చీలోనే కూర్చుంది. ఒకరోజు ఫోన్ చేసి, ‘మావయ్యా, ఆదివారం నా మొదటి స్పీచ్. నువ్వొక్కడివే రా. అమ్మకు చెప్పకు. అమ్మ ఎదురుగా ఉంటే నాకు ఏడుపొస్తుంది’ అంది. పొద్దున్నే బస్సెక్కాను.

రొట్టెకూ దీనికీ సంబంధం లేదు

పేరు వినగానే మా అక్క బ్రెడ్ టోస్టు అనుకుంది. వాళ్ల దేశాల విందుల్లో వక్తలను పరిచయం చేసే మనిషిని టోస్ట్‌మాస్టర్ అంటారు. రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన అమెరికాలో వైఎంసీఏలో పనిచేసేవారు. అక్కడికొచ్చే యువకులకు నలుగురిలో మాట్లాడటం రావడం లేదని గమనించి, ఒకరి ముందొకరు మాట్లాడి నేర్చుకునే ఏర్పాటు చేశారు. 1924 అక్టోబరు 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో జరిగిన సమావేశాన్ని ఈ సంస్థ తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది. (ఆడవాళ్లకు సభ్యత్వం ఇవ్వడానికి మాత్రం 1973 దాకా ఆగారు. మాట్లాడటం మగవాళ్ల పని అనుకోవడం మనకొక్కరికే పరిమితం కాదన్నమాట.) ఇక్కడ గురువంటూ ఎవరూ ఉండరు. ఇవాళ మాట్లాడినవారు వచ్చే వారం గడియారం చూస్తారు.

నేను వెళ్లిన క్లబ్బులో ఇరవై మంది దాకా ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్లతోపాటు ఒక బ్యాంకు మేనేజరు, పదవీ విరమణ చేసిన ఒక టీచరమ్మ, ఇంటర్వ్యూలకు తయారవుతున్న ఇద్దరు కుర్రాళ్లు. తలా ఒక బాధ్యత. ఒకరు సమయం చూస్తారు. మొదటి ప్రసంగానికి నాలుగు నుంచి ఆరు నిమిషాలు. నాలుగు కాగానే ఆకుపచ్చ, అయిదుకు పసుపు, ఆరుకు ఎరుపు అట్టముక్క ఎత్తి చూపిస్తారు. ఇంకొకరు ‘ఆ.. ఊ..’లు లెక్కపెడతారు. మరొకరు మంచి మాట ఎవరు వాడారో, తప్పు ఎక్కడ దొర్లిందో రాసుకుంటారు. ప్రతి వక్తకూ ఒక విమర్శకుడు ఉంటారు. మాట్లాడినదాంట్లో ఏది బాగుందో, ఏది ఇంకా బాగుండేదో రెండు మూడు నిమిషాల్లో చెప్పాలి. ఎవరు లేచినా చప్పట్లు, కూర్చున్నా చప్పట్లే. మొదటి పావుగంట నాకు ఇదంతా కాస్త అతిగా అనిపించింది.

అప్రస్తుత ప్రసంగమే!

సాధారణంగా తయారై వచ్చిన ప్రసంగాలు ముందు ఉంటాయట. ఆరోజు ఒక వక్త ట్రాఫిక్‌లో చిక్కుకోవడంతో ఆశువుగా మాట్లాడే అంశాన్ని ముందుకు జరిపారు. అప్పటికప్పుడు ఒక ప్రశ్న అడుగుతారు, ఒకటి రెండు నిమిషాలు చెప్పాలి. అవధానాలు చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. పద్యం మీద మనసు పెట్టిన అవధానిని అప్రస్తుత ప్రసంగి అడ్డదిడ్డమైన ప్రశ్నతో కదిలిస్తే, ఆయన తడుముకోకుండా చమత్కారంగా బదులిస్తాడు కదా. అదే, పద్యాలు లేకుండా.

అతిథిని కాబట్టి నన్ను బలవంతం చేయలేదు, ఇష్టమైతే రమ్మన్నారు. పాతికేళ్లుగా రాస్తున్నవాణ్ని, మాట్లాడలేనా అని లేచాను. ‘మీకు ఒకరోజు పూర్తిగా ఖాళీ దొరికితే ఏం చేస్తారు?’ చాలా తేలికైన ప్రశ్న. నాకు తోచిన జవాబు ‘నిద్రపోతాను’. అది చెప్పడానికి మూడు సెకన్లు చాలు. మిగతా సమయమంతా ఏం చెప్పానో నాకే తెలియదు. చివర్లో లెక్క చదివారు: ‘అతిథిగారు.. అంటే, పదకొండు సార్లు.’ అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా మేనకోడలి క్లాసులో వినపడిన నవ్వు ఇలాంటిది కాదని అప్పుడు అర్థమైంది.

తాడు దగ్గర ఆగిన మాట

తన వంతు వచ్చింది. మొదటి ప్రసంగం తన గురించే చెప్పుకోవాలి. క్లబ్బు నడిచేది ఇంగ్లిష్‌లో. కోటప్పకొండ తిరునాళ్లతో మొదలుపెట్టింది. శివరాత్రికి ఊళ్ల నుంచి ప్రభలు ఎలా బయల్దేరతాయో, మా నాన్న ప్రభ కట్టేవాళ్లతో పాటు ఎలా పనిచేసేవాడో చెబుతోంది. అంత ఎత్తు ప్రభ నిలబడాలంటే నాలుగు వైపులా తాళ్లు పట్టుకోవాలి, ఒక్క వైపు వదులైనా.. అంటూ ఆగిపోయింది.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తను కిందికి చూసింది. నేను లేచి వెళ్లిపోదామా అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మాట అందించలేదు. ముందు వరసలో టీచరమ్మ తల కొద్దిగా ఊపింది, అంతే. ‘ఒరుగుద్ది’ అంది తను, అచ్చం మా నాన్నలా, తెలుగులోనే. తర్వాత ఇంగ్లిష్‌లోకి వచ్చేసింది. అయిదు నిమిషాల నలభై సెకన్లకు కూర్చుంది.

బయటికొచ్చాక, ‘ఒక నిమిషం ఆగిపోయాను కదా మావయ్యా’ అంది. నా ఫోనులో వీడియో ఉంది. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఏడు సెకన్లు. విమర్శకుడిగా లేచిన బ్యాంకు మేనేజరు అంతకుముందే ఒక మాట అన్నారు. ‘మీ చేతులు వణికాయని మీరే చెప్పారు. నేను ఎదురుగానే కూర్చున్నాను, నాకు కనపడలేదు.’

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఆయన మర్యాదకు అన్న మాట కాదది. సావిట్‌స్కీ, గిలొవిచ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో దీన్నే పరీక్షించారు. మాట్లాడేవారు తమ కంగారు అందరికీ కనిపించిపోతోందని అనుకుంటారు గానీ, చూసేవారికి అందులో కొంతే తెలుస్తుంది. ఈ సంగతి ముందుగా చెప్పి పంపినవారు మిగతావారికంటే బాగా మాట్లాడారు కూడా.

అలాగని ఒంట్లో ఏమీ జరగదని కాదు. పదిమంది కళ్లు మన మీద పడగానే మెదడు దాన్ని ఆపదగా తీసుకుంటుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తం కండరాలకు మళ్లుతుంది కాబట్టి అరచేతులు చల్లబడతాయి. లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది, కడుపులో తిప్పుతుంది. అప్పటికప్పుడు మాటలను పట్టి ఉంచుకోవాల్సిన జ్ఞాపకశక్తి సన్నగిల్లుతుంది. అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టినవారు ఒక్క పదం జారితే మొత్తం మరిచిపోయేది ఇందుకే.

జర్మనీలోని ట్రయర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1993లో ఒక పరీక్ష రూపొందించారు. మనిషికి ఒత్తిడి కలిగించి శరీరంలో మార్పులు కొలవాలి. అందుకు వాళ్లు ఎంచుకున్నవి రెండు పనులు. కొత్తవాళ్ల ముందు అయిదు నిమిషాలు మాట్లాడటం, ఆ తర్వాత పైకి చెబుతూ లెక్కలు చేయడం. ఎదుట కూర్చున్నవాళ్లు నవ్వకూడదు, తల ఊపకూడదు, ముఖంలో ఏ భావమూ చూపకూడదు. లాలాజలంలో కార్టిసాల్ రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగింది. ఇప్పటికీ ఒత్తిడి మీద పరిశోధనల్లో ఈ పద్ధతే వాడుతున్నారు.

ఆ అయిదు నిమిషాలు, మా పిల్ల మాట్లాడిన అయిదు నిమిషాలు దాదాపు ఒకటే. తేడా అల్లా ఎదుట కూర్చున్న ముఖాల్లో. చప్పట్లు అతిగా ఉన్నాయని మొదట్లో అనుకున్నందుకు అప్పుడు సిగ్గేసింది.

మన బళ్లలో ఆగస్టు 15కి పిల్లలతో ఉపన్యాసాలు చెప్పిస్తాం. మాస్టారు రాసిస్తారు, పిల్లాడు అప్పజెబుతాడు. మధ్యలో మరిచిపోతే పక్క నుంచి అందిస్తారు. ఆ పిల్లాడు నేర్చుకునేది మాట్లాడటం కాదు, మరిచిపోతే పరువు పోతుందని. ఇంగ్లిష్ వస్తే భయం అదే పోతుందనుకోవడం ఇంకో పొరపాటు. సొంత భాషలో నలుగురి ముందు నిలబడలేని పిల్లకు ఇంగ్లిష్ రెండో బరువు. ముందు తెలుగులో మాట్లాడనివ్వండి.

ముప్ఫై రూపాయలు తిరిగిచ్చిన లాయరు

లండన్‌లో శాకాహారుల సంఘం కమిటీలో ఉన్నప్పుడు గాంధీజీ తన అభిప్రాయాన్ని కాగితం మీద రాసుకెళ్లి కూడా చదవలేకపోయారు. ఇంకొకరు చదివారు. తర్వాత బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసు. సాక్షిని ప్రశ్నించడానికి లేచారు, తల తిరిగింది, కూర్చుండిపోయారు. ఫీజు ముప్ఫై రూపాయలు తిరిగిచ్చేశారు. ఇదంతా ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. మూడు దశాబ్దాల తర్వాత, 1921లో, ఆయన ఇచ్చిన సహాయ నిరాకరణ పిలుపుతోనే పల్నాడు రైతులు అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టమని ఎదురు తిరిగారు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

వేదికెక్కే ముందు కంగారు మామూలే. మాట్లాడటం మొదలుపెట్టే క్షణాల్లో ఎక్కువగా ఉండి, సాగేకొద్దీ తగ్గుతుంది. ఆ కాస్త సమయాన్ని దాటడానికి మొదటి రెండు వాక్యాలు మాత్రం గట్టిగా గుర్తుంచుకుని, మిగతాది ముఖ్యమైన మాటలుగా చీటీ మీద రాసుకుంటే చాలు. ఊపిరి తీసుకోవడం కంటే వదలడం నెమ్మదిగా సాగాలి. మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. ‘కంగారు పడకు’ అని మనకు మనం చెప్పుకోవడం కన్నా ‘ఉత్సాహంగా ఉంది’ అనుకున్నవారు బాగా మాట్లాడినట్టు 2014లో హార్వర్డ్ పరిశోధకురాలు అలిసన్ వుడ్ బ్రూక్స్ చేసిన ప్రయోగంలో తేలింది.

భయం వల్ల చదువు, ఉద్యోగం, పెళ్లిళ్లకు వెళ్లడం కూడా మానేస్తుంటే, అది ఆరు నెలలకు మించి సాగుతుంటే సోషల్ యాంగ్జైటీ కావచ్చు. దీనికి చికిత్స ఉంది. ఆలోచనల తీరును మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఇస్తారు. క్లబ్బు దానికి తోడు అవుతుంది గానీ ప్రత్యామ్నాయం కాదు. నత్తి ఉంటే స్పీచ్ థెరపిస్టును కలవాలి. మాట్లాడే సందర్భం లేకపోయినా గుండెదడ వస్తుంటే థైరాయిడ్, రక్తహీనత వంటివి పరీక్ష చేయించుకోవాలి. స్నేహితుడు ఇంటర్వ్యూకు ముందు వేసుకున్నాడని ప్రొప్రనొలాల్ మాత్ర కొనుక్కుని మింగడం ప్రమాదం. ఉబ్బసం ఉన్నవారికైతే ప్రాణం మీదికి వస్తుంది. ధైర్యానికని ఒక పెగ్గు వేసుకునేవారికీ ఇదే మాట. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

డాబా మీద శనివారం

విషయం తెలిశాక అక్క కోప్పడింది, ఏడ్చింది, తర్వాత వీడియో పదిసార్లు చూసింది. ఆమెకూ ఈ బాధ ఉందని నాకు అప్పుడే తట్టింది. గుంటూరులో డాక్టరు ఎదుట కూర్చుంటే చెప్పాల్సినవాటిలో సగం మింగేస్తుంది. కాళ్ల తిమ్మిర్ల సంగతి బస్సెక్కాక గుర్తొస్తుంది. బీపీ, షుగరు ఉన్న మనిషికి అది చిన్న నష్టం కాదు. ఇప్పుడు చీటీ రాసుకుని వెళుతోంది, అది చూసి చదువుతోంది.

హైదరాబాద్, విజయవాడ లాంటిచోట్ల ఉన్నవాళ్లు దగ్గర్లోని క్లబ్బుకు అతిథిగా వెళ్లి చూడొచ్చు. ఆన్‌లైన్‌లో జరిగేవీ ఉన్నాయి. మేమైతే నరసరావుపేటలో శనివారం సాయంత్రాలు డాబా మీద కూర్చుంటున్నాం. ఆరుగురం. పక్కింటి ఇంటర్ కుర్రాడు, వాళ్ల నాన్నగారు కూడా వస్తారు. పాత శుభలేఖల అట్టలకు రంగులు వేసుకున్నాం. నియమం ఒక్కటే. ఒకరు ఆగిపోతే ఇంకొకరు మాట అందించకూడదు. మా బావగారికి ఇది చాలా కష్టంగా ఉంది.

మొదటి వారం అక్క నలభై సెకన్లు మాట్లాడింది, గోంగూర పచ్చడి గురించి. మొన్న శనివారం కుర్రాడు ఎర్ర అట్ట ఎత్తి నిలబడ్డాడు. ‘ఉండరా అబ్బాయ్, ఇంకా పోపు పెట్టలేదు’ అని ఆమె మానాన ఆమె చెప్పుకుంటూ పోయింది.